కొత్తది అని పేరు పెట్టిన తలుపు

ఆఫీసులో అందరూ ఆమెను బీరువా అక్క అని పిలిచేవారు. భవనాలు డిజైన్ చేసే ఆ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా ఆమెది ఒకటే పని. తలుపులు, కిటికీలు, వాష్‌బేసిన్‌లు, మెట్ల కమ్మీలు కంప్యూటర్‌లో తయారుచేసి ఒకచోట దాచిపెట్టడం. ఇప్పుడు భవనాన్ని ఎవరూ గీత గీతగా గీయరు. కంప్యూటర్‌లోనే గోడ నిలబెట్టి, ముందే చేసి ఉంచిన తలుపును తెచ్చి ఆ గోడలో బిగిస్తారు. ఒక తలుపు ఒకసారి చేసి పెడితే బడికైనా బ్యాంకుకైనా అదే వందసార్లు పనికొస్తుంది. అలాంటివన్నీ దాచే ఫోల్డరుకు ఎవరో మొదట్లో సరదాగా బీరువా అని పేరు పెట్టారు. దాన్ని చూసుకునే మనిషి కాబట్టి ఆమె బీరువా అక్క అయింది.

బట్టల బీరువా ఏ ఇంట్లోనైనా ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉండేది. మూసి ఉన్నంతసేపు అంతా సవ్యం, తెరిస్తే మీద పడేది. హడావుడిలో ఎవరు చేసింది వాళ్ళు అందులోకి తోసి, నోటికొచ్చిన పేరు పెట్టేవారు. ‘డోర్ ఫైనల్’, దాని పక్కనే ‘డోర్ ఫైనల్ ఫైనల్’, ఆ కిందే ‘ఇదే వాడండి’. ఒక కిటికీ పేరు ‘పెద్దాయన చెప్పింది’. ఒక మెట్ల వరసకు ‘ముట్టుకోవద్దు’ అని ఉండేది. ఎవరన్నారో ఎందుకన్నారో తెలియక నాలుగేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మామూలుకంటే జానెడు ఎత్తుగా ఉన్న బేసిన్ ఒకటి ‘నిచ్చెన బేసిన్’. అది నిచ్చెన చేసింది.

నిచ్చెన అంటే ఆరేళ్ళ కిందట చేరిన డ్రాఫ్ట్స్‌మన్. ముప్పై ఏళ్ళవాడు. ఆఫీసు గుమ్మంలో తల వంచుకుని లోపలికి వచ్చేవాడు కాబట్టి చేరిన వారానికే ఆ పేరు ఖాయమైంది. అక్క పక్క సీటు అతనిది. పని నేర్పింది ఆమే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకుని తినేవారు. అక్క కూతురు అతన్ని మావయ్యా అని పిలిచేది. ఏ పనైనా రెండుసార్లు అడిగి గాని మొదలుపెట్టడు. ఆ అలవాటు మిగతావాళ్ళకు విసుగు. అక్కకు మాత్రం అతనిలో అదే నచ్చేది.

బీరువాలో పేర్లన్నీ ఒక పద్ధతిలోకి మార్చాలని అక్క పెద్దాయనను మూడుసార్లు అడిగింది. పెద్దాయన ఆ ఆఫీసు పెట్టిన ఆర్కిటెక్టు. మంచివాడే, కాకపోతే ఎప్పుడూ ఏదో ఒక గడువుకు రెండు రోజులు వెనకబడి ఉండేవాడు.

“రెండు నెలలు నన్ను వేరే పనికి పిలవకండి సార్. అంతా సర్దేస్తాను.”

“సర్దుదువుగానిలే అమ్మా. ముందు ఈ స్కూలు పని ఒడ్డెక్కనీ.”

స్కూలు తర్వాత బ్యాంకు వచ్చింది, బ్యాంకు తర్వాత హాస్టలు. నిజం చెప్పాలంటే ఆయన వాయిదా వేసిన ప్రతిసారీ అక్కకు లోలోపల కాస్త హాయిగానే ఉండేది. రెండువేల మూడువందల వస్తువులను ఒక్కొక్కటే తెరిచి చూసి పేరు పెట్టడమంటే ఎవరికి సరదా.

ఆ రోజుల్లోనే వృద్ధుల నివాసం పని వచ్చింది. రెండంతస్తులు, ముప్పై ఎనిమిది గదులు, గదికో బాత్‌రూం. దాన్ని నడపబోయే మేనేజరమ్మ అంతకుముందు ఇరవై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. తనకు ఏమేం కావాలో వరసగా నంబర్లు వేసి రాసి ఇచ్చింది. అందులో పద్నాలుగోది: బాత్‌రూం తలుపులు బయటికే తెరుచుకోవాలి. ఎందుకో కూడా మీటింగులో చెప్పింది. “బాత్‌రూంలో పడిన పెద్దవాళ్ళు తలుపుకే అడ్డం పడతారండీ. అప్పుడు లోపలికి తోద్దామంటే కుదరదు.” అక్క ఆ మాటను తన పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది.

బీరువాలో అప్పటికి ఉన్న బాత్‌రూం తలుపు లోపలికి తెరుచుకునేది. అంతకుముందు ఏడాది ఇంకా పాతదాన్ని తీసేసి అక్కే దాన్ని చేసింది. అందుకని దాని పేరు ‘బాత్ డోర్ న్యూ’. ఇప్పుడు బయటికి తెరుచుకునేది చేసింది. శుక్రవారం సాయంత్రం ఐదున్నర అయింది. ఆరింటికి కూతుర్ని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కింద భర్త బండి మీద కూర్చుని అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. తలుపు మాత్రం సరిగ్గానే చేసింది. బందులు ఎటుండాలో అటే పెట్టింది, గడియ బయటినుంచి కూడా నాణెంతో తిప్పితే వచ్చేలా పెట్టింది. చివర్లో కంప్యూటరు పేరు అడిగింది. ‘బాత్ డోర్ న్యూ 2’ అని కొట్టి, సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

“అక్కా, నివాసం బాత్‌రూంలకి ఏ తలుపు పెట్టను?” అన్నాడు నిచ్చెన.

“కొత్తది పెట్టు తమ్ముడూ. బీరువాలో ఉంది.”

“కొత్తదేనా?”

“కొత్తదే.”

సోమవారం పొద్దున అతను ‘న్యూ’ అని ఉన్న తలుపును తీసి ముప్పై ఎనిమిది బాత్‌రూంలకూ పెట్టాడు. పక్కన ‘న్యూ 2’ అని ఉన్నది ఏదో సగంలో వదిలేసిన ప్రయత్నం అనుకున్నాడు. బీరువాలో అలాంటివి బోలెడు ఉండేవి.

తర్వాత ఆ డ్రాయింగును నలుగురు చూశారు. నిచ్చెన చూసి సంతకం పెట్టాడు, పెద్దాయన చూసి సంతకం పెట్టాడు, అనుమతులిచ్చే ఆఫీసులో చూశారు, కట్టే మేస్త్రీ చూశాడు. బాత్‌రూంకి తలుపుందా అని అందరూ చూశారు. ఎటు తెరుచుకుంటోందని ఎవరూ చూడలేదు. అక్క ఆ డ్రాయింగు తెరవనే లేదు. ఆమె అప్పటికి హాస్టలుకు మంచాలు తయారుచేసే పనిలో పడింది.

నివాసం తెరిచిన రెండేళ్ళకు, ఒక బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకు ఫోన్ వచ్చింది. మాట్లాడింది మేనేజరమ్మ. కింది అంతస్తులో ఒక ముసలి జంట ఉండేవారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, ఆవిడ లెక్కల టీచరు. ముందురోజు పొద్దున ఆవిడ బాత్‌రూంలో జారి, బేసిన్ అంచు తలకు తగిలి, తలుపుకు అడ్డంగా పడిపోయింది. తలుపు లోపలికి తెరుచుకునేది. బందులు కూడా లోపలివైపే ఉన్నాయి కాబట్టి బయటినుంచి ఊడదీయడానికి వీల్లేకపోయింది. వడ్రంగి వచ్చి రంపంతో తలుపు పైభాగం కోసి లోపలికి దిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆస్పత్రికి చేరేలోపే ఆవిడ పోయింది. కాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేదని డాక్టరు అన్నాడట.

“పద్నాలుగో నంబరు రాశాను కదండీ,” అంది మేనేజరమ్మ. కోపంగా కూడా అనలేదు. “రెండేళ్ళుగా ఆ తలుపులు రోజూ తీస్తూ వేస్తూ ఉన్నాను. నాకే తట్టలేదు. రాత్రంతా అదే నాకు నిద్రపట్టనివ్వలేదు.”

పెద్దాయన ఆఫీసంతటినీ పెద్ద బల్ల దగ్గరికి పిలిచి కంప్యూటర్‌లో ఆ భవనం మోడల్ తెరిపించాడు. కట్టినవాళ్ళు మార్చేశారేమోనన్న ఆశ ఆయన మొహంలో కాసేపు కనిపించింది. మోడల్‌లోనూ తలుపు లోపలికే ఉంది. పెట్టింది ఎవరన్నది కంప్యూటరు చెప్పింది. నిచ్చెన లేచి నిలబడ్డాడు.

“నేనే పెట్టాను సార్. పద్నాలుగో నంబరు నేను కూడా చదివాను. చూసుకోవాల్సింది.”

అక్క తన కుర్చీలో కూర్చునే ఉంది. శుక్రవారం సాయంత్రం, కింద బండి హారను, తన నోటినుంచి వచ్చిన రెండు మాటలు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చెప్పాలనుకుంది. నోరు తెరిచింది కూడా. అంతలో పెద్దాయన ఏదో అన్నాడు, ఎవరో మంచినీళ్ళు తెచ్చారు, మీటింగు ముగిసింది. మధ్యాహ్నం చెబుదాంలే అనుకుంది. మధ్యాహ్నం నిచ్చెన డబ్బా విప్పలేదు. సాయంత్రం చెబుదాంలే అనుకుంది. ఇంటికెళ్ళాక, ఒకసారి ఫైళ్ళ తేదీలు సరిచూసి నిక్కచ్చిగా తెలుసుకున్నాకే చెప్పడం మంచిదని తనకు తానే సర్దిచెప్పుకుంది. మర్నాడు తేదీలు చూసింది. అంతా ఆమెకు గుర్తున్నట్టే ఉంది. ఆ తర్వాత కూడా చెప్పలేదు.

అలా పదకొండు రోజులు గడిచాయి. ఆ రోజుల్లో ఆఫీసులో ఎవరూ నిచ్చెనను పల్లెత్తు మాట అనలేదు. అతనితో మాట్లాడటం మాత్రం తగ్గించేశారు. అతను గీసిన ప్రతి కాగితాన్నీ ఇంకొకరు మళ్ళీ చూసేవారు. తొమ్మిదో రోజున అతనే రాజీనామా రాసి పెద్దాయన బల్ల మీద పెట్టాడు. పదకొండో రోజు మధ్యాహ్నం తన స్కేలు, నీళ్ళ సీసా, కూతురి ఫొటో ఒక అట్టపెట్టెలో సర్దుకున్నాడు.

“వస్తాను అక్కా,” అన్నాడు.

“ఎక్కడికి తమ్ముడూ?” అంది అక్క, ఏమనాలో తోచక.

“మా బావకి ప్లైవుడ్ షాపుంది. మనిషి కావాలంటున్నాడు.”

గుమ్మం దగ్గర తల వంచుకుని వెళ్ళిపోయాడు. అక్క స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంది. కాసేపటికి పక్కవాళ్ళు వచ్చి ఏమైందని అడిగితే కళ్ళు మండుతున్నాయని చెప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతూ భర్తతో చెప్పింది. ఆయన మందుల దుకాణంలో పనిచేస్తాడు. చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, అంతా విన్నాడు.

“మా కొట్లో ఒకే పేరుతో రెండు మోతాదుల మాత్రలు ఉంటాయి,” అన్నాడు చివరికి. “ఒకటి మార్చి ఇచ్చానని ఇంటికొచ్చాక గుర్తొస్తే ఏం చేస్తాను? వాళ్ళింటికి పరిగెత్తుతాను.”

“మనిషి పోయాక గుర్తొస్తే?”

ఆయన ఆమె ముందున్న కత్తిపీట తనవైపు లాక్కుని మిగతావి తనే తరిగాడు.

మర్నాడు పొద్దున అక్క పెద్దాయన గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. రెండు ఫైళ్ళ పేర్లు, తేదీలు కాగితం మీద రాసి ముందు పెట్టింది. ఆ శుక్రవారం నిచ్చెన ఏమడిగాడో, తను ఏమందో చెప్పింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఈ మాట పది రోజుల కిందట చెప్పి ఉంటే ఆ అబ్బాయి ఉండేవాడు.”

“తెలుసు సార్.”

“మూడుసార్లు అడిగావు నువ్వు, పేర్లు మారుస్తానని. వద్దన్నది నేను. అదీ రాసుకోవాలి మనం.” తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. “నివాసంవాళ్ళకి ఉత్తరం రాస్తున్నాను. తప్పు మా ఆఫీసుదేనని, తలుపులన్నీ మేమే మారుస్తామని. అందులో ఎవరి పేరూ ఉండదు. సంతకం నాది.”

“నా పేరు రాయండి సార్.”

“రాస్తే నీకు తేలికవుతుంది. పోయినావిడకేం ఒరుగుతుంది?”

అయినా అక్క ఆ రోజే మేనేజరమ్మకు తన పేరుతో వేరే ఉత్తరం రాసింది. ఏడు వాక్యాలు.

ఆదివారం నిచ్చెన ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అతని భార్య తలుపు తీసి, “రండి వదినా,” అని లోపలికి పిలిచి, టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. నిచ్చెన నేల మీద కూర్చుని కూతురి పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడు. అక్క కుర్చీలో కూర్చోలేక తనూ కిందే కూర్చుంది. దారి పొడుగునా అనుకుంటూ వచ్చినది ఒక్క ముక్క కూడా సరిగా రాలేదు. తలుపుకి నేనే అలా పేరు పెట్టానని, కొత్తది పెట్టమని నేనే అన్నానని, పెద్దాయనకు చెప్పేశానని, నువ్వు మళ్ళీ రావాలని గబగబా చెప్పింది. “నీకు గుర్తుండి ఉండదు గాని, నువ్వు రెండోసారి కూడా అడిగావు తమ్ముడూ.”

నిచ్చెన చేతిలోని అట్టను గోటితో మడిచి, మడత మీద వేలు నొక్కి లాగాడు.

“గుర్తుంది అక్కా. ఆ రోజు మీటింగులోనే గుర్తొచ్చింది.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“మీరు చెప్తారని చూశాను.”

అతను గొంతు పెంచలేదు. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. అక్క తల ఎత్తలేకపోయింది.

“రోజూ పొద్దున వస్తూ అనుకునేవాణ్ణి, ఇవాళ చెప్తారు అని. మీరు చెప్పి ఉంటే, కాదక్కా తప్పు నాది కూడా అనేవాణ్ణి. నిజంగానే నాది కూడా. ఎటు తెరుచుకుంటోందో ఒక్కసారి తిప్పి చూస్తే సరిపోయేది. ఆ మాట మీతో అనాలనుకున్నాను. ఒక్కణ్ణే అనుకోవాల్సి వచ్చింది.”

“నన్ను తిట్టు తమ్ముడూ.”

“తిట్టి ఏం చేస్తాను. అన్నీ నేర్పింది మీరే.” పుస్తకం పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. “ఇప్పుడు మాత్రం రాలేనక్కా. ఆ బల్ల దగ్గర కూర్చోలేను.”

టీ వచ్చింది. అక్క తాగింది. పాప వచ్చి అత్త ఎందుకు ఏడుస్తోందని అడిగింది. ఎవరూ చెప్పకపోయేసరికి తన అట్టలేసిన పుస్తకాలు తెచ్చి చూపించింది.

వృద్ధుల నివాసానికి వెళ్ళడానికి ఇంకో వారం పట్టింది. వెళ్ళేముందు అక్క ఆఫీసులో ఒక పని చేసింది. మోడల్‌లో ఆ గది తెరిచి, బీరువాలోంచి మనిషి బొమ్మ ఒకటి తీసుకుని, పోయినావిడ ఎత్తుకు సరిచేసి, మేనేజరమ్మ చెప్పినట్టుగా బేసిన్‌కూ తలుపుకూ మధ్య పడుకోబెట్టింది. తర్వాత తలుపును లోపలికి తిప్పి చూసింది. జానెడు తెరుచుకుని ఆగిపోయింది. బొమ్మను ఇంకోలా పెట్టి చూసింది. ఏ రకంగా పెట్టినా జానెడే. ఎందుకు చూస్తోందో ఆమెకే తెలియదు. ఎవరైనా అడిగితే సరైన కొలత చెప్పాలనేమో.

పోయినావిడ భర్తను, అక్కడ అందరూ బస్సు తాత అని పిలిచే ఆయనను, అప్పటికే పై అంతస్తు గదిలోకి మార్చారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళు, బలమైన చేతులు. పక్క మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. అక్క తను ఎవరో చెప్పింది. ఆ తలుపు చేసింది నేనేనని, దానికి తప్పు పేరు పెట్టింది నేనేనని నిలబడే చెప్పింది. తిడతాడని, బయటికి పొమ్మంటాడని అనుకుంది. ఆయన కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు.

“కూర్చోమ్మా,” అన్నాడు. “నిన్నొకటి అడగాలి.”

అక్క మంచం అంచున కూర్చోబోయి, ఆ దుప్పటి చూసి, స్టూలు లాక్కుంది.

“దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తాను. తోశాను. కొంచెం తెరుచుకుంది. లోపల్నించి మా టీచరమ్మ అంది, ‘తొయ్యకండి, నా నడుముకి గుచ్చుకుంటోంది’ అని. గొంతు బాగానే ఉంది. నేను ఆపేశాను. వడ్రంగి వస్తున్నాడు, కాస్త ఓపిక పట్టు అన్నాను. సరే అంది. నేను బయట కింద కూర్చుని ఆ సందులోంచి మాట్లాడుతూనే ఉన్నాను. మేం మొదట ఉన్న ఇంటి సంగతి చెప్పాను. అద్దెకిచ్చినావిడ ఎంత గయ్యాళో చెప్తే ఊఁ అంది, నవ్వింది కూడా. తర్వాత ఊఁ అనడం ఆపేసింది. పడుకుందేమో అనుకున్నాను.” ఆయన రెండు అరచేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. “నలభై ఏళ్ళు బస్సు స్టీరింగు తిప్పిన చేతులమ్మా ఇవి. నొప్పెడుతుందంది, ఆపేశాను. ఆ మాట వినకుండా గట్టిగా తోసి ఉంటే లోపలికి వెళ్ళేవాణ్ణి కదా?”

“వెళ్ళలేరు బాబాయిగారూ.”

“నా మనసుకోసం చెప్పకు.”

“మీ మనసుకోసం కాదు. నేను కొలిచి చూశాను.” అక్క సంచిలోంచి కాగితం తీసింది. గది, బేసిన్, బొమ్మ, తలుపు. పెన్నుతో చూపించింది. “ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. మీరు కాదు, నలుగురు తోసినా అంతే. ఆవిడకి ఇంకా దెబ్బ తగిలేది, మీరు మాత్రం దూరలేరు. మీరు ఆపడమే మంచిదైంది.”

ఆయన కాగితం అందుకుని వెలుతురుకు పట్టి చూశాడు. వేలితో జానెడు చోటును తడిమాడు.

“ఇంకోసారి చెప్పమ్మా.”

అక్క మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మూడోసారి అడిగితే మూడోసారీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ బొమ్మను తను కంప్యూటర్‌లో అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టిన సంగతి గుర్తొస్తూనే ఉంది. ముసలాయన ఏడవలేదు. కాగితం ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఉంచుకోమంది. క్షమించానని ఆయన అనలేదు, ఆమె అడగలేదు. వెళ్తుంటే మాత్రం, “బస్సు కోసం ఎడమవైపు గేటుకి వెళ్ళు, ఇటువైపు ఆగదు,” అన్నాడు.

తలుపులు మార్చడానికి ఆరు వారాలు పట్టింది. చట్రాలు పీకి తిప్పి బిగించాల్సి వచ్చింది. కింది అంతస్తులో ఆ ఒక్క గదిని మేనేజరమ్మ సామాన్ల గది చేసేసింది.

బీరువా సర్దడానికి ఐదు నెలలు పట్టింది. ఈసారి పెద్దాయన ఏమీ అనలేదు. అక్క ఒక పేజీలో పద్ధతి రాసింది. ముందు వస్తువు ఏమిటో, తర్వాత ఎక్కడ వాడాలో, తలుపైతే వెంటనే ఎటు తెరుచుకుంటుందో, ఆ తర్వాతే వెడల్పు, ఎత్తు. పేరు పెట్టినవాళ్ళు పక్కన లేకపోయినా, మొదటిసారి చూసినవాళ్ళకు కూడా అదేమిటో తెలియాలి. కొత్త, పాత, ఫైనల్, సరైనది అనే మాటలు ఎక్కడా ఉండకూడదు. మనుషుల పేర్లు ఉండకూడదు. రెండువేల మూడువందల వస్తువులనూ ఒక్కొక్కటే తెరిచి, తలుపైతే తిప్పి చూసి, పేరు మార్చింది. ఎవరికీ అక్కరలేని ఆరువందల నలభై తీసిపారేసింది. ‘ముట్టుకోవద్దు’ మెట్లు తెరిచి చూస్తే, ఒక మెట్టు మిగతావాటికంటే పొట్టిగా ఉంది. అది ఏ భవనంలోనైనా వాడారేమోనని పాత పనులన్నీ మూడు రోజులు వెతికింది. వాడలేదని తేలాక బల్ల మీద తల పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

పేర్లు పొడుగైపోయాయని ఆఫీసులో సణుగుడు మొదలైంది.

“ఇది పేరా అక్కా, పోస్టల్ అడ్రసా?” అన్నాడు కొత్తగా చేరిన ఇంజనీరు.

“అడ్రసే,” అంది అక్క. అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి, తర్వాత ఎవరో చెవిలో ఏదో చెప్పాక, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పక్క సీటులోకి ఎవరినీ వేయలేదు. అక్క అడగలేదు, పెద్దాయన తనంతట తానే ఖాళీగా ఉంచాడు. మధ్యాహ్నం ఆమె తన సీటులోనే తినేసేది.

ఏడాదిన్నర తర్వాత నిచ్చెన భార్య ఫోన్ చేసింది.

“వదినా, ఆయన మళ్ళీ ఈ పనిలోకే వెళ్దామనుకుంటున్నారు. వేరే ఆఫీసులో అడిగారు. పాత ఆఫీసులో పైవాళ్ళు రాసిచ్చిన ఉత్తరం కావాలట, పని ఎలా చేసేవారో. మిమ్మల్ని అడగడానికి ఆయనకి మొహమాటం. నేనే చేస్తున్నాను.”

అక్క ఆ ఉత్తరం రాయడానికి రెండు రోజులు తీసుకుంది. అతని ఓపిక గురించి, చేతి శుభ్రత గురించి, అడిగి తెలుసుకునే అలవాటు గురించి రాసింది. చివర, వృద్ధుల నివాసం తలుపు విషయంలో పొరపాటు తనదని, అతను రెండుసార్లు అడిగినా తనే తప్పుగా చెప్పానని ఒక పేరా రాసింది. పెద్దాయనతో సంతకం పెట్టించి, కింద తనూ పెట్టి పంపింది.

మర్నాడు నిచ్చెన దగ్గరినుంచి మెసేజి వచ్చింది. ఏడాదిన్నరలో అదే మొదటిది.

“ఉత్తరం అందింది అక్కా. థాంక్స్. చివరి పేరా తీసేసి మళ్ళీ పంపగలరా? వాళ్ళకి ఇదంతా ఎందుకు.”

అక్క ఆ మెసేజి రెండుసార్లు చదివింది. అతను ఆమెను కాపాడుతున్నాడో, తనను తాను కాపాడుకుంటున్నాడో, ఆ సంగతి ఇక ఎక్కడా ఎవరి నోటా వినదలచుకోలేదో ఆమెకు తెలియలేదు. అడిగే చనువు ఇప్పుడు లేదు. ఉత్తరం తెరిచింది. చివరి పేరా తీసేసింది. మిగిలిన పేజీ మళ్ళీ అచ్చు తీసి పెద్దాయన గదికి పట్టుకెళ్ళింది. ఏమైందని ఆయన అడగలేదు. పెన్ను మూత తీశాడు.

అతనికి ఉద్యోగం వచ్చిందని మూడు వారాల తర్వాత ప్లైవుడ్ తెచ్చే మనిషి ఎవరో అంటే తెలిసింది. మంచిదే, అంది అక్క.